పెద్దది కాలం చేసింది

మా పెద్దమ్మ వకీలు. అద్దె కేసులు, ప్రహరీగోడ తగాదాలు తప్ప పెద్ద కేసులేవీ ఆవిడ గుమ్మం ఎక్కవు. అయినా ఏ కోర్టు తుమ్మినా ఆవిడకు తెలియాల్సిందే. పొద్దున్నే కొత్త తీర్పులు, కొత్త చట్టాలు చదవడం అయ్యాకే కాఫీకప్పు అందుకుంటుంది. చదవడమంటే మనసులో కాదు, పైకే. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన పెదనాన్నకు ఆ పుణ్యాన చేపల రవాణా చట్టం, లిఫ్టుల తనిఖీ నియమాలు కంఠతా వచ్చేశాయి. వాటితో ఏం చేసుకుంటాడో పాపం. నిన్నటి చట్టంతో ఇవాళ వాదించడమంటే పాచిపోయిన కూర వడ్డించడమే అంటుంది ఆవిడ. ఫ్రిజ్‌లో నిజంగానే పాచిపోయిన కూర ఉన్న సంగతి మాత్రం ఆవిడకు గుర్తుండదు.

ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరాక నాకు మొదట అప్పజెప్పిన పని ఎర్ర పెన్సిల్‌ది. ఒక తీర్పును పైవాళ్ళు కొట్టేస్తే, మా దగ్గరున్న దాని ప్రతి మీద ఎర్రగా 'కాలం చేసింది' అని రాయాలి. చెల్లదు అని రాస్తే సరిపోదా అని అడిగాను. ఇన్నాళ్ళూ ఎంతమందినో కాపాడిన తీర్పును అంత మాట అనడానికి ఆవిడకు మనసొప్పదట. ఇంట్లో మనిషి పోయినట్టు కాసేపు ఆ కాగితాన్ని చేత్తో నిమిరి, అప్పుడు బీరువాలో పెట్టేది. నవ్వొచ్చేది గానీ, ఆవిడంటే ఇష్టం కూడా అక్కడే మొదలైంది నాకు.

మా వీధి చివర కుట్టుపని చేసే ఆమె ఒకతె ఉంది. పెద్దమ్మ నల్లకోట్లన్నీ ఆమె కుట్టినవే. ఉన్నది ఒకటే గది. ముందు కుట్టుమిషను, తెర వెనక మంచం, పొయ్యి. ఆ గది సొంతదారైన ముసలావిడ పక్కవీధిలో ఒంటరిగా ఉంటుంది. చాలా ఏళ్ళు ఇద్దరూ అక్కచెల్లెళ్ళలా మెలిగారు. ముసలావిడ తమ్ముడి కొడుకు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, అక్కడ తను మందుల షాపు పెట్టుకుంటానని కేసు వేయించాడు. అప్పట్నుంచి ఇద్దరూ ఎదురుపడినా మొహాలు తిప్పుకుంటున్నారు. కేసు ఓడితే మిషనూ మంచమూ రెండూ రోడ్డు మీదే.

కుట్టుపనామె తరఫున వకీలు మా పెద్దమ్మే. మా ఆశంతా ఒక్క తీర్పు మీద ఉంది. బతుకూ పనీ ఒకే గదిలో సాగించేవాళ్ళను వేరే చోటు చూపించకుండా ఖాళీ చేయించకూడదని ముగ్గురు జడ్జీలు కలిసి ఇచ్చినది. ముగ్గురు ఇచ్చింది కాబట్టి మా ఆఫీసులో దాని పేరు 'పెద్దది'.

వాదనలు సోమవారం అనగా, శుక్రవారం పొద్దున్న పైకి చదువుతున్న పెద్దమ్మ గొంతు ఆగిపోయింది. మళ్ళీ చేపలా అని పెదనాన్న అడిగాడు. కాదు, ఐదుగురు జడ్జీలు కూర్చుని మా పెద్దదాన్ని కొట్టేశారు. ఎర్ర పెన్సిల్ నాకివ్వకుండా ఆవిడే రాసింది. తర్వాత కుట్టుపనామెకు ఫోన్ చేసింది.

"పెద్దది నిన్న కాలం చేసిందమ్మా. కేసు మళ్ళీ మొదట్నుంచి ఆలోచించుకోవాలి. సాయంత్రం రా."

ఇంకో ఫోన్ వస్తోందని పెట్టేసింది.

తెలుగులో తీర్పు పోయినా ఆడమనిషి పోయినా 'చేసింది' ఒక్కటే కదా. కేసులో పెద్దది అంటే ఆ ఇల్లాలికి ఇంకెవరు తోస్తారు? అవతలి పార్టీ అన్న కోపంతో వకీలమ్మ ఆవిణ్ణి అది ఇది అంటోంది కాబోలు అనుకుంది. సగం కుట్టిన చొక్కా సూది కిందే వదిలేసి, మెడలో కొలతల టేపుతో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఏడుస్తూ పక్కవీధికి పరిగెత్తింది.

ముసలావిడ వరండాలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. ఆవిణ్ణి చూడగానే ఈమె మెట్ల మీద కూలబడి ఇంకా గట్టిగా ఏడ్చింది. ముసలావిడ గోళ్ళకత్తెర పక్కన పడేసింది.

"ఎవరు పోయారే?"

"మీరేనండీ."

సాయంత్రం ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. జరిగింది విని పెద్దమ్మ మొహం చిన్నబోయింది. అక్కడితో ఊరుకుంటే ఆవిడ మా పెద్దమ్మ ఎలా అవుతుంది? ఎర్ర గీతలు పడ్డ తీర్పు తీసి ముసలావిడ ముందు పెట్టి, ఈ తీర్పు పోవడంతో న్యాయం మీ వైపు తిరిగింది, సోమవారం మీరే గెలుస్తారు, మీ వకీలుతో మాట్లాడుకున్నాకే ఏ మాటైనా చెప్పండి అంది. కుట్టుపనామె తల పట్టుకుంది. నేనైతే బల్ల కింద పెద్దమ్మ కాలు తొక్కాను. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది గానీ మాట లాక్కోలేదు.

ముసలావిడ ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

"నేను పోయిన రోజున మావాడు ముందు తాళంచెవులు వెతుక్కుంటాడమ్మా. ఇది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గదిలో దీన్నే ఉండనివ్వండి. మా వకీలుకి నేను చెప్పుకుంటాను."

రాజీపత్రం నన్నే రాయమంది పెద్దమ్మ. ఆవిడకు అక్షరాలు కనబడటం లేదట.