తూటాలకు బొట్టు

మా ముత్తాత తండ్రి పాలెగాడు. చిత్తూరుకు పడమర కొండల నడుమ పదకొండు ఊళ్ళు ఆయన మాట వినేవి. వినని పన్నెండో ఊరి మీదికి ఏటేటా దండు వెళ్ళేది. మా ముత్తాత జమీందారు. ఆయన గుర్రం దిగేటప్పుడు వంగి వీపు ఇవ్వడానికి ఒక మనిషి ఉండేవాడు, ఆ పనికి అతనికి రెండెకరాల మాన్యం ఉండేది. మా తాత ఆనరరీ మేజిస్ట్రేటు, దొరల కచేరీలో కుర్చీ వేయించుకుని కూర్చునే హక్కు ఉన్నవాడు. మా నాయన గ్రామ మునసబు, ఆ పదవి ఆయన ఉండగానే రద్దయింది. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు టైమ్ కీపరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆలస్యంగా వచ్చినవాణ్ణి గేటు దాటనిచ్చిన రోజు ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కటి లేదు. పాలించడం రక్తంలో ఉండాలి.

ఆ వంశం నుంచి నా చేతికి వచ్చినది ఒక్క రివాల్వరు. తాత మదరాసులో కొన్నది. ముప్పై రెండు బోరు, ఆరు గుళ్ళు పడుతుంది. దాని లైసెన్సు తాత పేరు నుంచి నాయన పేరుకూ, నాయన పేరు నుంచి నా పేరుకూ మారింది. గడువు తీరినప్పుడల్లా నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళి రెన్యూవల్ చేయించుకునేవాణ్ణి, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఈసారి అడిగారు. దరఖాస్తులో ఆయుధం ఎందుకు కావాలన్న గడిలో ఎప్పటిలాగే 'వంశ గౌరవం' అని రాశాను. గుమాస్తా మర్యాదస్తుడే. దాన్ని ఒక గీతతో కొట్టేసి, ఇప్పుడు రెండే కారణాలు చెల్లుతాయన్నాడు, ప్రాణభయం గానీ, క్రీడ గానీ. భయం అనే మాట మా ఇంటి కాగితాల మీద ఇంతవరకు పడలేదు. అందుకని 'ప్రాణహాని' అని రాసి ఇచ్చాను.

వారం తర్వాత హెడ్ కానిస్టేబుల్ ఒకడు విచారణకు మా వీధికి వచ్చాడు. నా దగ్గరికి రాకుండా నేరుగా ఎదురింటి కిరాణా కొట్టుకు వెళ్ళి, ఈ పెద్దమనిషికి శత్రువులు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, ప్రతి మాటా వినిపించింది.

"ఆయనకు శత్రువులు యాడుండారు సార్," అన్నాడు కొట్టతను శనగపప్పు పొట్లం కడుతూ. "మా తాత ఉండేటప్పుడు వాళ్ళ తాతను సంపాలని మూడేండ్లు తిరిగినాడంట. ఇప్పుడు మాకు అంత తీరిక యాడిది? పొద్దున ఐదింటికే పాల ప్యాకెట్లు దిగుతాయి."

హెడ్ కానిస్టేబుల్ 'హాని లేదు' అని రాసుకుని, అరటిపండు తిని వెళ్ళిపోయాడు. మూడు తాలూకాల్లో పగవాళ్ళున్న ఇంటికి అంతకన్నా అవమానం ఇంకోటి లేదు. నేను నెల రోజులు ఆ కొట్లో సరుకులు కొనలేదు. మా ఆవిడ కొనింది.

ఇక మిగిలింది క్రీడ. వడమాలపేట దాటాక కొండ వారన ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. దాని సెక్రటరీ రిటైరైన సుబేదారు. ఆయన ఫారాలు ముందు పెట్టి విషయం తేటగా చెప్పాడు. దసరా దాటిన తర్వాత రెండో ఆదివారం పోటీ ఉంటుంది. ఇరవై ఐదు మీటర్ల దూరం, ముప్పై గుళ్ళు, మొత్తం మూడు వందల మార్కులు. నూట ఎనభై తెచ్చుకుంటే సర్టిఫికెట్టు ఇస్తారు, దాన్ని చూపిస్తే లైసెన్సు నిలుస్తుంది. తెచ్చుకోలేకపోతే గడువు కార్తీకంతో ముగుస్తుంది, ఆ లోపల రివాల్వరు డీలరుకు అప్పగించాలి. మళ్ళీ పోటీ ఏడాదికి గానీ లేదు.

నా చూపు మంచిదే. ఇబ్బందంతా రివాల్వరుతో వచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ స్టేషన్లో పెట్టి రసీదు తీసుకోవాలి. మొన్నటి ఎన్నికలప్పుడు నాది వానాకాలమంతా బీరువాలో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ట్రిగ్గరు బిగుసుకుపోయి, రెండు వేళ్ళతో లాగినా కదలనంది. బజారు సందులో సాయిబు దగ్గరికి తీసుకుపోయాను. సాయిబు తాత మా ముత్తాత తుపాకులు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ఆ అంగట్లో మిక్సీలు, కుక్కర్లు, తాళాలు బాగవుతాయి. తుపాకులు బాగుచేసే లైసెన్సు మాత్రం అద్దాల చట్రంలో గోడకు వేలాడుతూ ఉంటుంది.

సాయిబు రివాల్వరును ముక్కలుగా విప్పి దినపత్రిక మీద పరిచాడు. ఒక్కొక్క ముక్కనూ ఎండకేసి చూశాడు. వెనక సుత్తిలా లేచి పడే భాగాన్ని ఆయన గుర్రం అంటాడు. ఆ గుర్రం నోట్లో పన్ను అరిగి గరుకు తేలిందని చెప్పి, నూనెరాయి మీద దాన్ని రోజుకు నాలుగు రుద్దులు మాత్రమే రుద్దేవాడు. ఎంత తేలికైందో చూడడానికి ఆయనకో పద్ధతి ఉంది. ట్రిగ్గరుకు దారం కట్టి, దానికి ప్లాస్టిక్ సంచి వేలాడదీసి, గుర్రం పడేదాకా అందులో రాగులు పోస్తాడు. తర్వాత ఆ రాగులు తూకం వేస్తాడు. మొదటి రోజు సంచి నిండిపోయింది, గుర్రం పడలేదు. వారానికి సగం సంచికి పడింది. మూడో వారానికి రెండు గుప్పెళ్ళు చాలాయి. రోజూ నేను అంగట్లో బెంచీ మీద నిటారుగా కూర్చుని ఆ రాగుల వంక చూసేవాణ్ణి. కుక్కరు బాగుచేయించుకోను వచ్చినవాళ్ళు, ఈ పెద్దాయన రాగులు కొనేదానికి వచ్చినాడేమో అనుకున్నారని తర్వాత తెలిసింది.

తూటాల సంగతి వేరు. అంగట్లో కొనే తూటాలు ఖరీదు, పైగా ఒకటి పైకి పోతే ఒకటి కిందికి పోతుంది. క్లబ్బు అనుమతి మీద, కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను మళ్ళీ నింపే పని సాయిబుదే. ఆదివారాలు క్లబ్బు షెడ్డులో కూర్చుని, గొట్టం అడుగున, గుర్రం దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ బిగించి, కంసాలి త్రాసులో మందు తూచి, సీసం గుండు కూర్చేవాడు. నెల్లూరు నుంచి, మదనపల్లె నుంచి కూడా షూటర్లు ఆయన నింపిన తూటాల కోసం వచ్చేవారు. మందు తూచేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, తలుపు మూయాలి. నేను పక్కన కూర్చుని మా ముత్తాత తండ్రి పన్నెండో ఊరి మీదికి దండు నడిపిన వైనం చెబుతున్నాను.

"దొరా," అన్నాడు సాయిబు త్రాసు మీది నుంచి కళ్ళెత్తకుండా, "మీ తాతలను కొంచేపు బయట కూర్చోబెట్టండి. మందు తూస్తా ఉండాను."

నేను కూడా బయటికి వెళ్ళి కూర్చున్నాను.

రెండు నెలలు సాధన చేశాను. చెయ్యి నిలిచింది. ఆరింటిలో ఐదు గుళ్ళు టీ సాసరు అంత చోట పడేవి. పోటీ కోసమని సాయిబు ముప్పై ఆరు తూటాలు విడిగా నింపి, అట్టపెట్టెలో పెట్టి, తేమ తగలనీయవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి ఇచ్చాడు. వాటిని ఇంటికి తెచ్చుకున్నాను.

మహానవమి నాడు ఆయుధ పూజ. మా ఇంటి పూజ అందరి పూజ లాంటిది కాదు. తైలం, గంధం, కుంకుమ లేకుండా మా ఇంటి ఆయుధం దండు వెళ్ళకూడదు. మళ్ళీ దండు కదిలే రోజు ఉదయం దాకా ఆ బొట్టు చెరపకూడదు. ఇంటి పెద్ద తూర్పు ముఖంగా కూర్చుని తన చేత్తోనే చేయాలి. ఒకప్పుడు నూట ఇరవై బల్లేలకు, నలభై తుపాకులకు బొట్టు పెట్టేసరికి మధ్యాహ్నమయ్యేదట. ఇప్పుడు పీట మీద ఒక రివాల్వరు. దాని పక్కన మా ఆవిడ మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను పెట్టింది. ఆయుధాల పక్కన మిక్సీ ఏమిటని అడిగాను. రోజూ తెల్లారి లేచి యుద్ధం చేసేది ఏదో చూసుకోమంది.

తూటాలు కూడా ఆయుధాలే గదా అని అప్పుడు తట్టింది. పెట్టె విప్పి ముప్పై ఆరింటినీ పళ్ళెంలో తలకిందులుగా నిలబెట్టాను. అడుగు భాగం గుండ్రంగా, నడుమ చిన్న రాగి వలయంతో, నుదురులాగా ఉంది. బొట్టు పెట్టడానికి అంతకన్నా తగిన చోటు ఉండదు. తమలపాకు కొసతో ఒక్కొక్క వలయం మీద నువ్వుల నూనె అద్దాను. ఆ తర్వాత గంధం, దాని మీద కుంకుమ. గంధం కూడా నూనెతోనే కలిపాను, సాయిబు తేమ తగలకూడదన్నాడని. తీర్థం చల్లబోయిన మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక్క నీటి చుక్క పడనీయలేదు.

"దేనికైనా మంచిది, సాయిబును ఒక మాట అడగరాదా?" అంది మా ఆవిడ.

"మన వంశాచారం సాయిబును అడగాల్నా?" అన్నాను.

పోటీకి పది రోజులు. బొట్లతోనే తూటాలు పెట్టెలో ఉన్నాయి. ఆ ఆదివారం ఉదయం ఒక్కొక్కటీ కొత్త తువ్వాలుతో తుడిచి, చిత్తూరులో బస్సెక్కి, తిరుపతిలో మారి, పుత్తూరు బస్సులో వడమాలపేట దాటి దిగాను. సాయిబు ముందే వచ్చి షెడ్డు నీడలో కూర్చుని ఉన్నాడు.

మొదటి గుండుకు తొమ్మిది. రెండోదానికి పది. మూడోసారి ట్రిగ్గరు లాగాను. రెండు గుప్పెళ్ళ రాగుల బరువుకు గుర్రం చక్కగా పడింది. టిక్కుమంది. అంతే. ఆలస్యంగా పేలుతుందేమోనని, నియమం ప్రకారం రివాల్వరును లక్ష్యం వైపే పట్టుకుని, ఎడమ చెయ్యి ఎత్తి, సుబేదారు గడియారం చూసుకునేదాకా నిలబడ్డాను. ఆ తూటా తీసి పక్కన పెట్టి ఇంకోటి కాల్చాను. మోగింది. తర్వాతిది టిక్కు. దాని తర్వాతిదీ టిక్కే. నా వెనక బెంచీ మీద ఎవరో, దొరగారి తుపాకి అలిగినట్టుండాది అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. పేలనిది కూడా ముప్పైలో లెక్కే. ముప్పైసార్లు ట్రిగ్గరు లాగాను, పన్నెండుసార్లు చెయ్యి ఎత్తాను. మోగినవి పద్దెనిమిది. వాటికి నూట యాభై తొమ్మిది వచ్చాయి. అన్నీ మోగి ఉంటే రెండు వందల అరవై దాటేదని సుబేదారు స్వయంగా లెక్కవేసి చెప్పాడు.

సాయిబు పేలని తూటాను తీసుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని అడుగు చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"దొరా, దీనికి బొట్టు పెట్టినారా?"

"వంశాచారం," అన్నాను.

"నూనె కూడానా?"

"నువ్వుల నూనె. నువ్వు చెప్పినట్టే నీళ్ళు మాత్రం తగలనీయలేదు."

సాయిబు చాలాసేపు దగ్గాడు. అది దగ్గేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. "నీళ్ళయినా ఆరిపోయుండు దొరా," అన్నాడు చివరికి. "నూనె లోపలికి దిగి టోపీలో మందును సంపేసింది."

సుబేదారు నన్ను పక్కకు పిలిచాడు. ఒక దారి ఉందన్నాడు. తూటాలు నింపడంలోనే లోపం ఉందని, నింపినవాడు ఫారం మీద రాసి సంతకం చేస్తే, మధ్యాహ్నం క్లబ్బు తూటాలతో మళ్ళీ కాల్చవచ్చు. నూట ఎనభై నాకు కష్టం కాదని ఇద్దరికీ తెలుసు. అయితే అలా సంతకం పెట్టినవాణ్ణి క్లబ్బు మళ్ళీ తూటాలు నింపనీయదు. ఆ చివరి మాట ఆయన నేల చూస్తూ చెప్పాడు.

సాయిబు అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు. "రాస్తాను తెండి. నాకు కుక్కర్లు ఉండనే ఉండాయి."

ఒక గ్లాసు టీ తాగేంతసేపు నేను ఆలోచించాను, ఆ సంగతి దాచను. మూడు తరాలు మా ఇంటి తుపాకులతో బతికిన వంశం ఆయనది. మా ముత్తాత అయితే ఆలోచించేవాడే కాదు, సంతకం పెట్టించుకుని, ఆ సాయంత్రం ఒక శాలువా కప్పేవాడు. నా దగ్గర శాలువా కూడా లేదు. షెడ్డులో బల్ల మీద కంసాలి త్రాసు గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డను సాయిబు ప్రతి ఆదివారం ఉతికి తెచ్చేవాడు.

ఫారం నేను లాక్కున్నాను. కారణం అన్న చోట, 'తూటాల టోపీల మీద నూనె, గంధం, కుంకుమ పూసినది నేనే. నింపినవారి తప్పు లేదు' అని రాశాను. సుబేదారు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"సార్, ఇట్ల రాస్తే షూటరు తప్పు కింద వస్తాది. మళ్ళీ కాల్చేదానికి ఉండదు."

"తెలుసు. సంతకం యాడ పెట్టాల్నో చెప్పు," అన్నాను.

ఆయన చూపించిన చోట వంశం పేరుతో సహా పూర్తి సంతకం పెట్టాను. గడి చాలలేదు, అంచు మీదికి పోయింది.

తిరుగు బస్సులో సాయిబుకు కోపం. తన తప్పని తాను రాస్తానంటే అడ్డం పడడానికి నేనెవరినన్నట్టు, తిరుపతి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. చిత్తూరు బస్సు ఎక్కి కూర్చున్నాక నోరు విప్పాడు.

"మీ ముత్తాత అయితే నా చేత సంతకం పెట్టిచ్చుండు."

"పెట్టిచ్చుండు," అన్నాను. "ఆయనకు నీలాంటోళ్ళు శానామంది ఉండిరి."

సాయిబు పాకాల దగ్గర దిగి రెండు కప్పులు టీ తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఇంట్లో మా ఆవిడ నా ముఖం చూసి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నయం, మూడు రోజుల తర్వాత బజారులో మిక్సీ జారు బాగుచేయించుకోవడానికి వెళ్ళి, సంగతంతా సాయిబు నోటనే విని వచ్చింది.

కార్తీకం ముగియడానికి నాలుగు రోజుల ముందు, రివాల్వరును తోలు ఒరతో సహా లైసెన్సు ఉన్న డీలరు ద్వారా నాయుడుపేటలో ఒక కాంట్రాక్టరుకు అమ్మేశాము.