ఆరో నెలల సూది

మా తల్లిగారింట్ల దగ్గును రోగం కింద లెక్కపెట్టరు. నిజామాబాద్‌ల మాది బీడీలు చేసే గల్లీ. పొద్దుగాల వాకిలి ఊడ్చి, పిల్లలను బడికి తోలంగనే ఆడోళ్లంత చాటలు పట్టుకొని మా అర్రలకు వచ్చి కూసుందురు. మా అర్రల గాలి తక్కువ. గాలొస్తే తంబాకు లేస్తది గదా. అందుకే కిటికీ మూసి, ఫ్యాన్ బంద్ పెట్టి, తునికాకుల తంబాకు పోసి చుట్టుకుంట, ముచ్చట్లు పెట్టుకుంట దగ్గుతుందురు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుందురు. నన్ను కన్న మా అవ్వయితే మాట నడుమల దగ్గి, మళ్ల ఆ మాట కాడికెళ్లే షురూ చేసేది. చిన్నప్పుడు బడికెళ్లి వస్తుంటే గల్లీ మలుపు కాన్నే అవ్వ దగ్గు వినపడేది. అవ్వ ఇంట్లనే ఉన్నదని నాకు పానం నిమ్మళమయ్యేది.

గా దగ్గుకు భయపడి ఇంట్లకెళ్లి బయటికి ఉరికే రోజు ఒకటి వస్తదని ఎవలన్న చెప్తే, పో అవతలికి, నీకేమన్న పిచ్చా అనేదాన్ని.

నన్ను బోధన్ దిక్కు ఇచ్చిండ్రు. అత్తగారి ఊరు చెరుకుతోటల నడుమ ఉంటది. మా ఆయన చెరుకు లారీ నడిపేటోడు. ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు ఇంటికి రాకపోయేటోడు, బందయితే ఇంట్లకెళ్లి కదలకపోయేటోడు. ఇంట్ల మాట మాత్రం అత్తమ్మదే. మామ లేడు, ఉన్న ఒక్క కొడుకును ఆమెనే కూలికి పోయి పెంచింది. పెండ్లయిన రెండో ఏడు నేను నీళ్లోసుకున్న. ఐదో నెలల జరం వచ్చింది. అత్తమ్మనే నన్ను ఆటోల కూసోపెట్టుకొని పక్కూరి ఆర్‌ఎంపీ డాక్టర్ కాడికి తీస్కపోయింది. ఆయన ఏదో సూది వేసిండు. జరం దిగింది. తెల్లారి మాపటికి కడుపు పోయింది.

జరానికి పోయిందా, సూదికి పోయిందా? ఎవలకు తెల్వదు. అడుగుతే ఆర్‌ఎంపీ మొహం అటు తిప్పుకున్నడు. అత్తమ్మ మాత్రం సూదికే పోయిందన్నది. గా పసిపానాన్ని పాత చీర ముక్కల చుట్టి చెరుకుతోట గట్టున పెట్టొచ్చింది గూడ ఆమెనే. నన్ను చూడనియ్యలే. నా ముంగట ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలే. గప్పటి సంది ఇంట్ల ఎవలన్న సూది మాట ఎత్తితే చాలు, చేతుల పని ఆన్నే పడేసి లేచిపోయేది. నా మీద కోపమేమో అనుకునేదాన్ని.

మళ్ల నీళ్లోసుకున్నప్పుడు నేను సంబురపడలే. అబద్ధమెందుకు, భయపడ్డ. ఎవలన్న కడుపు దిక్కు చూస్తే కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. మంచం మీదికెళ్లి దిగుతుంటే గూడ ఎవరో గాజుసామాను చేతుల పెట్టినట్టు దిగేదాన్ని. ఎట్లనో ఐదో నెల దాటింది. ఆరో నెల పడ్డది. బిడ్డ తిరుగుడు తెలుస్తున్నది. హమ్మయ్య అనుకున్ననో లేదో, ఊర్లకు స్వైన్ ఫ్లూ అనే పందుల జరం ముచ్చట వచ్చింది.

పోయిన ఏడు గది పట్నంల ఉన్నదన్నరు. ఈ ఏడు వానలతోని మా దిక్కు గూడ వచ్చింది. టీవీ పెడితే సాలు, మూతికి గుడ్డలు కట్టుకున్నోళ్లే. మా ఆయన పందులు తిరిగే దిక్కు పోకు అన్నడు. "ఏం, పంది వచ్చి నన్ను ముద్దు పెట్టుకుంటదా?" అన్న. ఇద్దరం నవ్వినం. గదే ఆఖరు నవ్వు. మా ఊరి పక్కన క్యాంపు ఉంటది. కోస్తా దిక్కుకెళ్లి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నోళ్ల ఊరు. ఆడ ఒకామె, నా వయసుదే, నిండు గర్భిణి. జరమొచ్చింది, ఊపిరాడక దమ్మొచ్చింది, పట్నం తీస్కపోయిండ్రు. తల్లి దక్కలే, బిడ్డ దక్కలే. శవం వచ్చిన అంబులెన్స్ కాడికి సొంత చుట్టాలే పోవుడుకు భయపడ్డరని చెప్పుకున్నరు. నేను గా ఇల్లు చూడలే, ఆమెను చూడలే. అయినా కండ్లు మూస్తే ఆమెనే కనపడేది. అన్నం నోట్ల పెట్టుకుంటే లోపటికి పోకపోయేది.

గా నెల పరీక్షకు నిజామాబాద్ పోతే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని కూసున్నది. "ఈ జరం రాకుండా ఇప్పుడు సూది వచ్చింది. కడుపుతోని ఉన్నోళ్లకు జరం వస్తే తొందరగా ఊపిరితిత్తుల మీదికి పోతుంది. నువ్వు వేయించుకుంటే మంచిదంటాను. హైదరాబాద్ నుంచి ఐసు డబ్బాలో తెప్పించాలి. వారం లోపల చెప్పు" అన్నది.

"మేడం, బిడ్డకు ఏం కాదు గదా?" అన్న.

"కాదనే చెప్తున్నారు. నేను గూడ కాదనే అనుకుంటున్నాను. కానీ మన దగ్గర కొత్త సూది. నేను బలవంతం పెట్టను."

అనుకుంటున్ననట! నాకు 'కాదు' అనే ఒక్క మాట కావాలె. అంత చదువు చదివి, గోడకు అన్ని సర్టిఫికెట్లు పెట్టుకొని, ఒక్క ముక్క గట్టిగ చెప్పరాదా అని లోపల తిట్టుకున్న. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె నిజం చెప్పింది. గప్పుడు నాకు నిజం వద్దు, ధైర్యం కావాలె.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పిన. ఆమె చాటల బియ్యం ఏరుతున్నది. తల గూడ ఎత్తలే. "ఒకపారి అయ్యింది సాలదా? గా సూది మాట ఇంకోపారి ఎత్తినవంటే నేనీ ఇంట్ల ఉండ" అన్నది. చాట కింద పెట్టి దొడ్లకు పోయింది. మా ఆయనను అడిగిన. ఆయన అటు చూసి, ఇటు చూసి, "నీ ఇష్టం" అన్నడు. నాకు ఒళ్లు మండింది. కడుపు నాది, భయం నాది, ఇష్టం గూడ నాదేనట! ఇంత పెద్ద లారీ తిప్పేటోడు ఒక్క మాట చెప్పలేడు. నీళ్ల చెంబు విసిరేసిన. ఆయన చెంబు తెచ్చి ఆన్నే పెట్టిండు. తిట్టను గూడ తిట్టలే. గది చూసి నాకింక భయమైంది.

వేయించుకుంటే బిడ్డకేమన్న అయితదేమో. వేయించుకోకుంటే ఇద్దరం పోతమేమో. పొద్దంత గిదే. ఇటు తిరిగితే ఇటు భయం, అటు తిరిగితే అటు.

గింతల అవ్వ కబురు పెట్టింది. పోయిన కడుపు అత్తగారింట్ల పోయిందని ఆమెకు మనసుల బాధ ఉన్నది. ఏడో నెల దాక ఆగ, ఇప్పుడే తోలుండ్రి అన్నది. మా ఆయన తీస్కపోయి దింపి వాపస్ పోయిండు. నేను గడపల కాలు పెట్టిన. అర్ర నిండ ఆడోళ్లు. తంబాకు వాసన. అందరు దగ్గుతున్నరు.

నేను ఆన్నే నిలబడిపోయిన. చెప్పులు ఇడువలే.

ఇన్నేండ్లు విన్న దగ్గే. కానీ గిండ్ల ఏది తంబాకు దగ్గు, ఏది జరం దగ్గు? ఒకామె కండ్లు ఎర్రగున్నయి. తంబాకుకు అందరి కండ్లు ఎర్రగనే ఉంటయి. ఇంకొకామె ముక్కు చీదుతున్నది. గది గూడ రోజూ ఉండేదే. మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న.

అవ్వ చూసింది. "ఏందే, మా దగ్గు చూసి మూతి కట్టుకుంటున్నవా? ఈ తంబాకుల పుట్టి, ఈ తంబాకుల పెరిగినవు. తంబాకు దగ్గు అంటుకుంటదా?" అన్నది. అందరు నవ్విండ్రు. నాకు సిగ్గయింది, కానీ కొంగు తీయలే.

"గిది తంబాకు దగ్గని నీకెట్ల తెల్సు?" అన్న.

అవ్వ నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. గా దగ్గు నాకు తెల్సిన దగ్గు కాదు. ఎన్నడు వినని దగ్గు, లోపటికెళ్లి, తెరలు తెరలుగ. దగ్గి దగ్గి గోడకు ఒరిగింది. నేను ఉరికి చెయ్యి పట్టుకున్న. చెయ్యి కాలుతున్నది.

"జరమున్నది నీకు!"

"జరం లేదు గిరం లేదు. ఒళ్లు నొప్పులు. మొన్నటి సంది ఉన్నయి" అన్నది. మొన్నటి సంది! జరంతోని నిండు అర్రల కూసోని బీడీలు చేస్తున్నది. ఎవలకు అనుమానం రాలే. దగ్గుతున్నోళ్లల్ల ఇంకొకామె దగ్గు ఎవలు చూస్తరు? చెయ్యి ఇడిచిపెట్టిన. కన్నతల్లి చెయ్యి నిప్పు తాకినట్టు ఇడిచిపెట్టిన. అవ్వ నా మొహం చూసింది. గప్పుడు ఆమెకు గూడ సమజైంది. కొంగు తన మూతికి అడ్డం పెట్టుకొని, "పో బిడ్డా, బయటికి పో. నా దగ్గరికి రాకు" అన్నది. గా మాట తలుసుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తది.

వానల గల్లీల నిలబడి మా ఆయన సెల్‌కు ఫోన్ చేసిన. ఇంట్లనే మరిచిపోయిండేమో, ఎత్తింది అత్తమ్మ.

"అవ్వకు జరం. నేను సూది వేయించుకుంట" అన్న. తిడుతదనుకున్న.

"నేను వస్తున్న. నేను వచ్చినంక పో" అన్నది.

అవ్వను చూసుకోమని పక్కింటి అన్నకు చెప్పి, గోలీలు తెప్పిచ్చి, డాక్టరమ్మ కాడ బల్ల మీద కూసున్న. అత్తమ్మ తడుసుకుంట వచ్చింది. కొట్లాటకు వచ్చినట్టు లేదు. ముసలితనం ఒక్క దినంల మీద పడ్డట్టున్నది. లోపటికి పోయినం. డాక్టరమ్మ నా జరం చూసింది. లేదన్నది. ఇంకెవలకో తెప్పిచ్చిన ఐసు డబ్బాలకెళ్లి సూది తీస్తుంటే అత్తమ్మ నా ముంగటికి వచ్చి రైక చెయ్యి పైకి జరుపుకున్నది.

"ముందుగాల నాకు వెయ్యుండ్రి డాక్టరమ్మా. నాకేమన్న అయితే దానికి వద్దు."

డాక్టరమ్మ నవ్వలే. "నీకు వేస్తే ఏం తెలుస్తుందమ్మా? నీ కడుపులో బిడ్డ లేదు గదా" అన్నది.

అత్తమ్మ చెయ్యి అట్లనే చాపి ఉంచింది. "పోయినపారి దీన్ని తీస్కపోయి సూది వేయించింది నేనే. దీనికి యాదికున్నదో లేదో, వద్దు అత్తమ్మా అన్నది, నేనే బలిమిన చెయ్యి పట్టిన. ఈపారి నా నోటికెళ్లి ఔను రాదు. కాదందామంటే గూడ భయమైతున్నది" అన్నది.

నేను వద్దన్న సంగతే మరిచిపోయిన. ఆమె మరువలే. ఇన్నొద్దులు నా మీద కోపం అనుకున్న. కాదు, తనను తానే తిట్టుకుంటున్నది. ఆమెను గోడ కాడికి జరిపి నా చెయ్యి నేనే చాపిన. సూది నొప్పి గూడ తెల్వలే, గంత భయంల ఉన్న.

"ఇది పని చెయ్యడానికి కొన్నిరోజులు పడుతుంది" అన్నది డాక్టరమ్మ. "అప్పటిదాకా మీ అమ్మ దగ్గరికి పోకు. ఒకటి రెండు రోజులు కొంచెం జరం రావచ్చు, అది సూది జరం. దమ్ము వస్తే మాత్రం వెంటనే రా." అవ్వకు వేరే గోలీలు రాసిచ్చింది, గా చీటీ పక్కింటి అన్నను పిలిచి చేతుల పెట్టినం.

తల్లిగారింటికి పోయిన కడుపుతోని పిల్లను మాపటికల్ల అత్తగారింటికి వాపస్ తెచ్చింది అత్తమ్మ. బస్సుల ఎవలు దగ్గినా నన్ను కిటికీ దిక్కు జరిపి తాను అడ్డం కూసున్నది. ఎడపల్లి దాటినంక నాకు వణుకు మొదలైంది. ఇల్లు చేరేసరికి జరం.

ఇది సూది జరమా? అవ్వ చెయ్యికెళ్లి వచ్చిన జరమా? మళ్ల గదే ప్రశ్న. ఎవలు చెప్తరు? మా ఆయన మంచం పక్కన కింద కూసోని నా ఊపిరి వింటున్నడు. నేను జర గట్టిగ ఊపిరి తీస్తే లేచి నిలబడుతున్నడు. లారీ తాళాలు చేతులనే ఉన్నయి. నేను మాత్రం ఊపిరిని చూసుకుంటలే. బస్సు ఎక్కినప్పటి సంది బిడ్డ తిరుగలే. గా సంగతి నోటితోని చెప్తే నిజమైతదని ఎవలకు చెప్పలే.

తెల్లారి జరం జర తగ్గింది. బిడ్డ మాత్రం తిరుగలే. అత్తమ్మ జావ తెచ్చింది. తాగుతలేనని నా మొహం చూసింది. ఎట్ల తెల్సుకున్నదో ఏమో, గిన్నె కింద పెట్టి మంచం మీద కూసోని, నా కడుపు మీద తన చెయ్యి పెట్టింది. అడుగలే నన్ను. గట్టి చెయ్యి, చెరుకు కొట్టిన చెయ్యి. అట్లనే పెట్టి ఉంచింది. పొయ్యి ఆరిపోయింది. గొడ్లు అరుస్తున్నయి. లేవలే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటలేం. దవాఖానకు పోదామని నేను నోరు తెరుస్తున్న.

గప్పుడు తన్నింది. గట్టిగ, సరిగ్గ ఆమె చెయ్యి కింద.

అత్తమ్మ చెయ్యి తీయలే. వంగి, నా కడుపు మీద మొహం పెట్టి, ఊరంత వినపడేటట్టు ఏడ్చింది. ఏడ్సుకుంటనే అన్నది:

"తన్ను బిడ్డా. నన్నే తన్ను. ఇంక గట్టిగ తన్ను."