బాలమ్మక్క ఆపేసిన ఓటు

మొన్న కొత్త నూలుచీరను మొదటిసారి బకెట్లో నానబెట్టాను. చెయ్యి పెట్టేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి, గోళ్ల సందుల్లోకి ఆ ఎరుపు ఎక్కింది. రంగు వాసన ముక్కుకు తగలగానే నాకు బాలమ్మక్క మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ కోపం పోలేదు, ఆమె మీద ప్రేమా పోలేదు.

డెబ్బైల చివర వరంగల్‌లోని ఒక చేనేత సహకార సంఘంలో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి. రోజూ అక్కడినుంచి బస్సులో వచ్చేదాన్ని. బాలమ్మక్క సంఘం షెడ్డులో నూలుకు రంగులద్దేది. భర్త పోయాక ఆయన సభ్యత్వం ఆమెకు వచ్చింది. మోచేతుల దాకా ఏదో ఒక రంగు లేకుండా నేనామెను చూడలేదు. నా టేబుల్ ముందు నిలబడి, "ఏం బిడ్డా, తిన్నవా?" అని అడిగాకే పని మాట ఎత్తేది.

ఎనభైల్లో ఒక ఏడాది, ఆ షెడ్డును ఎనుమాముల మార్కెట్లోని పత్తి వ్యాపారికి గోదాముగా అమ్మేద్దామన్నాడు మా అధ్యక్షుడు. అమ్మితే సభ్యులకు తలా కాస్త ముడుతుంది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల బతుకుతెరువు మాత్రం పోతుంది. మా సంఘంలో ఏది తేల్చాలన్నా చేతులెత్తించేవారు. అధ్యక్షుడు ముందువరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూసేవాడు. ఆయన చూపు తగిలిన చెయ్యి దానంతటదే లేచేది.

"చెయ్యి లేపుడు వద్దు. చాటుగ అడగాలె," అంది బాలమ్మక్క.

"గట్ల అడగాలంటే సభ్యులల్ల ఐదోవంతు మంది సంతకాలు పెట్టి మీటింగు కోరాలక్కా. రూల్సుల ఉన్నది."

"అయితే పోదాం పా."

ఆదివారాలన్నీ ఇల్లిల్లూ తిరిగాం. మగ్గం మీదున్నవాళ్లను లేపకుండా, తనే మగ్గం గుంట గట్టున చతికిలబడి మాట్లాడేది. ఒకతను మొహమాటం లేకుండా, "నాకు పైసలే కావాలక్కా, అమ్ముడే మంచిది" అన్నాడు.

"అమ్మమనే ఓటెయ్యి తమ్మీ, నాకేం ఫికర్ లేదు. అందర్ని అడిగేటందుకైతే సంతకం పెట్టు."

అతను నవ్వుతూ పెట్టాడు. శత్రువు దగ్గర సంతకమేమిటని నేను బయటికొచ్చి సణిగాను. ఆమె అప్పటికే పక్కింటి గడప ఎక్కుతోంది.

చివరికి సంతకాలు సరిపోయాయి, మీటింగు పెట్టక తప్పలేదు. సభ్యుల్లో చదువురానివాళ్లు చాలామంది. అందుకని ఒక్కొక్కరే వెళ్లే గదిలో నూలుపోగులు రెండు కుప్పలు పెట్టాం. షెడ్డు ఉంచాలంటే ఎర్రపోగు, అమ్మాలంటే తెల్లపోగు తీసి కుండలో వెయ్యాలి. ఎర్రనూలు బాలమ్మక్కే అద్దింది. మీటింగు తొందరలో, అంత పనిమంతురాలూ దాన్ని సరిగా జాడించలేదు. ఆరోజు ఎండకు అందరి చేతులూ చెమటపట్టి ఉన్నాయి. కొంతమంది ఓటేసి వచ్చాక సంగతి బయటపడింది: ఎర్రపోగు పట్టినవాళ్ల వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

మా షెడ్డు ఆడవాళ్లు గుమ్మం దగ్గర చేరి, వచ్చిన ప్రతివాళ్ల చేతులూ చూడసాగారు. "ఏంది మామా, నీ చెయ్యి తెల్లగున్నది?" అని ఒక ముసలాయన్ని గద్దించారు. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. వరసలో ఉన్నవాళ్లు అది చూశారు. ఆ తర్వాత బయటికొచ్చిన చేతులన్నీ ఎర్రవే. గెలుస్తున్నామని నా సంతోషం ఇంతా అంతా కాదు.

బాలమ్మక్క లోపలికెళ్లి కుండ బోర్లించింది. "ఇది చెల్లదు. మళ్ల మొదటిసంది."

"అక్కా, నీకేమన్న పిచ్చా? గెలుస్తున్నం!" అంటూ చెయ్యి పట్టుకున్నాను.

"ఆయన చూపుకు భయపడి లేపిన చెయ్యి తప్పయితే, మన నోళ్లకు భయపడి ఏసిన పోగు ఎట్ల ఒప్పయితది? జర పక్కకు జరుగు బిడ్డా."

అధ్యక్షుడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఈసారి అందరికీ తెల్లపోగులే ఇచ్చాం. ఉంచమనేవాళ్లు ముడి వేసి, అమ్మమనేవాళ్లు ఊరికే కుండలో వెయ్యాలి. ముడి వెయ్యడం నేతవాళ్లకు చూడకుండానే వచ్చు. అందరి ముందూ లెక్కపెడితే ముడిలేనివి కాస్త ఎక్కువ తేలాయి. షెడ్డు పోయింది.

నేను అక్కడే ఏడ్చేశాను. బాలమ్మక్క కొంగుతో కళ్లు తుడుచుకుని అధ్యక్షుడి దగ్గరికెళ్లింది. "అడిగినం, చెప్పిన్రు. అమ్ముండ్రి," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "రేపు పొద్దుగాల్నే రా. వచ్చే పైసలల్ల రంగు గాబులకు చిన్న జాగ కొనాల్నని అడుగుదాం. మళ్ల సంతకాలు కావాలె."

మర్నాడు ముందుగా ఆ ముసలాయన ఇంటికి తీసుకెళ్లింది. "నిన్న మావోళ్లు అన్నదానికి ఏమనుకోకు మామా," అని క్షమాపణ అడిగాకే కాగితం చాపింది. ఆ జాగా మాకు దక్కేసరికి ఏళ్లు పట్టింది.

బాలమ్మక్క ఇప్పుడు లేదు. తర్వాత నేను చాలా సంఘాల్లో పనిచేశాను, చాలా ఓట్లు పెట్టించాను. మావాళ్లు గెలుస్తున్నప్పుడే నాకు ఎక్కువ భయం. ఎవరైనా బెదిరి ఓటేస్తున్నట్టు కనిపిస్తే ఆపేస్తాను. నన్ను తిట్టినవాళ్లున్నారు, నావల్ల ఓడామన్నవాళ్లూ ఉన్నారు. ఓడిన మర్నాడు కాగితం పట్టుకుని మళ్లీ బయల్దేరతాను. మొదట తట్టేది మాకు వ్యతిరేకంగా ఓటేసినవాళ్ల తలుపే.