శారద చూసిన మా సందు

మొన్నామధ్య కోరాపుట్‌లో మా ఇంటి వెనక రోడ్డు మీద లారీ ఒకటి చెడిపోయి ఆగిపోయింది. లక్ష్మీపూర్ సంత నుంచి చింతపండు వేసుకొస్తున్న లారీ. రాత్రంతా కురిసిన వానకి టార్పాలిన్ కింద గోనెసంచులు తడిసి, పొద్దున్నే ఎండ తగిలేసరికి ఆ పుల్లటి, తియ్యటి, కాస్త మగ్గిన వాసన మా వంటింట్లోకి వచ్చేసింది. పక్కింటావిడ కిటికీ తలుపులు మూసుకుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు ఆ వాసన తప్ప ఇంకేదైనా సరే అనుకునేదాన్ని.

మాది రాయగడ. ఊరి నడిబొడ్డున, పాత బజారు వెనక, మా అరుగు మీద నుంచి ఎదురింటి అరుగు మీది మనిషికి తాంబూలం అందించగలిగేంత ఇరుకు సందు. తెలుగువాళ్లం చింతపండు సందు అనేవాళ్లం, ఒడియావాళ్లు సాహి అనేవారు. మా తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి ఘాటీ ఎక్కి వచ్చిన వర్తకుల ఇళ్లు అవన్నీ. ముందు గిడ్డంగి, వెనక కాపురం. శివరాత్రి దాటాక చింతపండు దిగిందంటే వాకిలి నుంచి దేవుడి గది గుమ్మం దాకా అదే. ఆడవాళ్లు వరసగా కూర్చుని గింజ తీస్తూంటే వేళ్లు నల్లబడేవి, ఈగలు ముసిరేవి, అన్నంలో, జడల్లో, ఉతికి ఆరేసిన స్కూలు గౌన్లలో కూడా ఆ పులుపే. పసుపు దిగిన రోజుల్లో సందులో కుక్కలు కూడా పచ్చగా తిరిగేవి. ఎండలు ముదిరితే ఇప్పపువ్వు, చలికాలం నూనెకి ఆడే వలిసెలు, కొండచీపుళ్లు. మధ్యలో మూతలేని కాలవ. వానాకాలం కొండ మీది ఎర్రనీళ్లు అందులోంచి పొంగి అరుగుల అంచుదాకా వచ్చేవి. తలెత్తితే రెండు వరసల పెంకుల మధ్య పనసతొనంత ఆకాశం.

నా క్లాసులో చదివే శారద వాళ్లుండే క్వార్టర్లు ఊరి చివర కొండ వాలున ఉండేవి. వాళ్ల పెద్దలు సంస్థానం కచేరీలో ఉద్యోగాలు చేసినవాళ్లు, వాళ్ల నాన్నగారు సర్కారు ఆఫీసరు. వాళ్లింటి చుట్టూ జామచెట్లు, వెనక కరివేపాకు, గేటు దగ్గర సన్నజాజి పందిరి, ఇంట్లో ఎవరి గది వాళ్లకి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా కారణం లేకుండా గేటు తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసేదాన్ని. మా ఇంటికి గేటు లేదు. గుమ్మం దాటితే కాలవ. అక్కడి గాలికి దుమ్ము లేదు, వాసన లేదు. శారద ఆ గాలిని రోజూ పీలుస్తోందన్న సంగతి తల్చుకుంటే నాకు రాత్రి అన్నం సహించేది కాదు. దాని జడ మీద, దాని తెల్లటి మేజోళ్ల మీద, ఇంటికెళ్లడానికి అది ఎక్కే రిక్షా మీద కూడా నాకు కుళ్లు.

మేం ఆరో తరగతిలో ఉండగా శ్రావణమాసంలో వాళ్లమ్మగారికి పెద్ద ఆపరేషన్ అవసరమై విశాఖపట్నం తీసుకెళ్లారు. వాళ్ల నాన్నగారికి ఒక కాలు ఆసుపత్రిలో, ఒక కాలు బోరిగుమ్మ వైపు క్యాంపుల్లో. పిల్లని ఎక్కడ ఉంచాలా అని మథనపడుతూంటే మా నాన్నే, మా సత్తితో పాటు మా ఇంట్లో ఉంటుందిలెండి అన్నాడు. సత్తి అంటే నేను, సత్యవతిని. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ పిల్ల మా సందులోకి రావడమా, ముక్కు మూసుకుని వెనక్కి పారిపోదూ అనుకున్నాను. పైకి అనలేదు గానీ లోపల, పారిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

అది పారిపోలేదు. వచ్చిన మర్నాడే అరుగు మీద మా మామ్మ పక్కన చతికిలబడి, ఇదేంటి, అదెందుకు అని అడగడం మొదలుపెట్టింది. మామ్మంటే మా నాన్న తల్లి. అరుగు మీద కూర్చుని సందు మొత్తాన్ని ఏలిన మనిషి. ఎదురింటి కాంతమ్మ పిన్నికి పిల్లల్లేరు. వారం తిరిగేసరికి ఆవిడ శారదకి తలంటు పోస్తోంది. వీధి చివర ఒడియా మిఠాయి దుకాణం మౌసీ పాలవిరుగుడుతో కాల్చిన వేడి వేడి ఛెనాపోడలో మాడిన అంచు, నేను ఏళ్లుగా అడిగినా పెట్టని అంచు, దాని చేతిలో పెట్టేది. కొండ మీంచి బరువులు దింపడానికొచ్చే ఆడవాళ్లు దానికి ఆకుదొన్నెలో నేరేడుపళ్లు తెచ్చేవారు. వాళ్లు తాగే రాగుల సోడంబలి వాసనకి నేను లోపలికి పోతే, అది గ్లాసు పట్టుకుని వాళ్ల మధ్య కూర్చునేది. మా సందులో నేను నడిస్తే ఎవరూ తలెత్తేవారు కాదు. అది నడిస్తే ప్రతి గుమ్మంలోంచీ, ‘శారదమ్మీ, తిన్నావేటి?’

నాకు లేనిది దానికి ఉందని అంతవరకూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు నాకున్నది కూడా అదే అనుభవిస్తోందని ఏడుపు. నా సందు నాకక్కర్లేదు, కానీ ఇంకొకరికి పోవడం ఓర్చుకోలేను.

దసరా సెలవులయ్యాక మా టీచరమ్మ ఒకరోజు పాఠం ఆపి, మీ మీ ఇంటి చుట్టుపక్కల ఎలా ఉంటుందో నిలబడి చెప్పండి అన్నారు. నా వంతు వచ్చింది. మాది ఇరుకు సందండి, కాలవ వాసనొస్తుందండి, ఈగలండి, అని చెప్పి కూర్చున్నాను. అంతకన్నా చెప్పడానికి ఏమైనా ఉందని నాకు అనిపించలేదు. తర్వాత శారద లేచింది. నేనిప్పుడు చింతపండు సందులో ఉంటున్నానండి అని మొదలుపెట్టింది.

అది చెప్పినదంతా వింటూ నేను బల్ల అంచు గోళ్లతో గీకుతూ కూర్చున్నాను. కాలవ నీటి వాసన మారగానే కొండ మీద వాన పడిందని కాంతమ్మ పిన్ని పట్టేస్తుందట, అందరికీ కేకేస్తే నీళ్లొచ్చేలోగా సంచులన్నీ అటకల మీదకి చేరిపోతాయట. ఒకరి సంచులు ఒకరు ఎత్తుతారట. బరువు తెచ్చేవాళ్లకి మా అరుగులు సరిగ్గా నడుమెత్తు ఉంటాయట, వంగకుండా దించుకోవచ్చని పాతవాళ్లు అలా కట్టించారట. సందు ఇరుకు కాబట్టే ఎండాకాలం రెండు ఝాములైనా చల్లగా ఉంటుందట. ఇవేవీ నాకు తెలియవని కాదు. సంచులు నేనూ ఎత్తాను. కానీ అవి చెప్పుకునే సంగతులని తెలియదు.

ఆ తర్వాత మా మామ్మ సంగతి చెప్పింది. మామ్మ పెళ్లయి సముద్రం దగ్గరి పల్లె నుంచి ఈ సందులోకి వచ్చినప్పుడు ఆకాశం కనపడలేదని ఏడ్చిందట. పుట్టింటికి పోతానని మూట కట్టుకుని సందు మొదటిదాకా వెళ్లిందట. అక్కడ చింతపండు బుట్ట దించుకుంటున్న ఒక కొండామె, భాష రాకపోయినా, ఈ పిల్ల ఎందుకేడుస్తోందో గ్రహించి, చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, తన సొరబుర్రలోని అంబలి తాగించి, మళ్లీ ఇంటి గుమ్మందాకా తీసుకొచ్చి దింపిందట. మామ్మ ఆ రోజు నుంచి తన ఇంటి అరుగు మీద కూర్చోవడం అలవాటు చేసుకుందట.

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మా మామ్మ పారిపోబోయిందన్న సంగతి నేను పరాయి పిల్ల నోట, నలభై మంది మధ్య కూర్చుని విన్నాను.

ఆ సాయంత్రం పుస్తకాల సంచీ కూడా దించకుండా మామ్మ ముందు నిలబడ్డాను.

‘శారదకి సెప్పేవు. నాకెందుకు సెప్పనేదు?’

మామ్మ ఒత్తులు చేసుకుంటోంది. చెయ్యి ఆపలేదు.

‘నువ్వడగనేదు గదే అమ్మీ. స్కూలికెల్లినపుడు ముక్కు మూసుకునెల్తావు, వచ్చినపుడు ముక్కు మూసుకునొస్తావు. నీకెప్పుడు సెప్పీది?’

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను పోట్లాడేదాన్ని.

మార్గశిరం వచ్చింది. లక్ష్మివారాలకి సందంతా తెల్లవారకుండా లేచేది. ఒడియా ఇళ్లవాళ్లు బియ్యప్పిండి నీళ్లతో వాకిళ్లలో వరికంకులు, లక్ష్మి పాదాలు వేసేవారు, మా ఇళ్లముందు ముగ్గులు, కాలవ ఒడ్డు కూడా తెల్లగా మెరిసేది. పరమాన్నం, పులిహోర, పక్కింటి ఒడియావాళ్ల పిఠా అనే పిండివంటలు చేతులు మారుతుండేవి. ఆఖరి లక్ష్మివారం నాడు శారద వాళ్ల నాన్నగారు జీపులో వచ్చారు, వాళ్లమ్మగారు ఇంటికి వచ్చేశారని చెప్పారు. జీపు సందులోకి పట్టదు. శారద సందు మొదటిదాకా నడిచి వెళ్లింది, వెనకాల సందు సగం నడిచింది. కాంతమ్మ పిన్ని కొంగు నోట్లో పెట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. మామ్మ దాన్ని దగ్గరికి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అది పోయాక అడిగితే, జాగ్రత్తగా ఉండమన్నానంతే అంది మామ్మ. నేను నమ్మలేదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేను వాళ్ల క్వార్టర్సులో కొన్నాళ్లు ఉండి వచ్చాను. కథల్లో అయితే అక్కడ నాకు తోచక, మా సందు గుర్తొచ్చి ఏడ్చాననాలి. అలా ఏం జరగలేదు. మంచం మీద పడుకున్న వాళ్లమ్మగారికి వినపడకూడదని అందరూ మెల్లగా మాట్లాడే ఆ ఇల్లు, ఆ జామచెట్ల నీడ, ఆ గేటు, అన్నీ నాకు అంతకు ముందులాగే కావాలనిపించాయి. శారద మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, ఇప్పుడు మామ్మగారేం చేస్తూ ఉంటారు, కాంతమ్మ పిన్ని చీపుళ్లు కట్టడం అయిపోయిందా అని అడుగుతూండేది. నాకు తెలియదని చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక మామ్మ పక్కన కూర్చుని నేనూ అడగడం మొదలుపెట్టాను. మామ్మ కాదనకుండా చెప్పేది. కానీ మధ్యలో ఆగి, ‘ఇది శారదకి కూడా సెప్పేను’ అనేది.

మామ్మ పోయాక నాన్న వ్యాపారం కట్టిపెట్టి, ఇల్లు అమ్మేసి, మమ్మల్ని కోరాపుట్ తీసుకొచ్చేశాడు. ఇప్పుడు నాకూ గేటుంది, వెనక కరివేపాకుంది. శారద విశాఖలో పంతులమ్మగా చేసి రిటైరైంది. పోయిన చలికాలం వచ్చి, రాయగడ వెళ్దాం పద అని తీసుకెళ్లింది.

రోడ్డు వెడల్పు కోసం అరుగులన్నీ కొట్టేశారు. కాలవ మీద పలకలు పరిచి, వాటి మీద బైకులు నిలబెట్టారు. పెంకుల ఇళ్లు పోయి మూడంతస్తుల మేడలు లేచాయి, కింద ఇనుప షట్టర్లు, సెల్‌ఫోన్ల దుకాణాలు. చింతపండు ఇప్పుడు ఊళ్లోకి రాదు, బయట కోల్డ్ స్టోరేజీలకే పోతుంది. మిఠాయి దుకాణం లేదు. తెల్లటి పాదాలు ప్లాస్టిక్ స్టిక్కర్లయి గుమ్మాలకి అంటుకున్నాయి. బరువు దించుకోవడానికి ఎవరూ రారు. వచ్చినా దించుకునే చోటు లేదు.

కాంతమ్మ పిన్ని ఉంది. తన అక్క కొడుకు మేడలో, కింది గదిలో, తలుపు దగ్గర కుర్చీలో. చూపు పూర్తిగా పోయిందని చెప్పారు. శారద వంగి, పిన్నీ, బాగున్నావా అంది, అంతే. ఆవిడ చేతులు చాచి దాని మొహం తడిమింది.

‘శారదమ్మీ! ఎన్నాలకొచ్చేవే తల్లీ.’

ఇద్దరూ ఏడుస్తున్నారు. నేనూ వంగి, నేనొచ్చాను పిన్నీ అన్నాను. ఆవిడ మొహం నా వైపు తిప్పి, శారదని అడిగింది.

‘నీతోటొచ్చిన ఈవిడెవులమ్మీ?’

మీ ఎదురింటి సత్తి, పిన్నీ అని శారదే చెప్పింది. ఆవిడ, ఓహో, సత్తివా, కూకో అమ్మీ అంది. తర్వాత మళ్లీ శారద వైపు తిరిగి, దాని చేతుల్లో చెయ్యి పెట్టి, వాళ్లమ్మగారి గురించి, పిల్లల గురించి, ఒక్కొక్కటే అడగసాగింది. నేను పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. అరవైకి దగ్గర పడిన మనిషిని, ఆవిడ చెయ్యి శారద చేతుల్లోంచి ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.