తలుపు పక్కన నా జాగా

మా ఇంట్లో మగ్గాలన్నీ ఒక్కసారే ఆడేవి. ఆ చప్పుడును దాటి వినిపించే గొంతు వాడకట్టు మొత్తంలో నాదొక్కటే. పక్కన కూర్చుని కండెలు చుట్టే మా తోటికోడలు నాతో పాటే పాడేది గానీ, ఆమె పెదవులు కదలడమే కనిపించేది.

పంతొమ్మిది వందల అరవైలలో మా ఇద్దరినీ పాటలు పాడమని పాలమూరు నుంచి పట్నం రేడియో స్టూడియోకు పిలిచారు. మా జిల్లా సన్నాయివాళ్లు, డప్పులవాళ్లు ఎందరో అప్పటికే ఏళ్ల తరబడి వాయించి వచ్చిన గది అది. ఎంతమంది కూర్చున్నా మైకు మాత్రం ఒక్కటే. నేను పోయి సరిగ్గా దాని ముందు కూర్చున్నాను.

ఒక్క చరణం కాగానే రికార్డింగు చేసే ఆయన అద్దాల గదిలోంచి వచ్చాడు. "కాస్త వెనక్కి జరగండమ్మా, మీ గొంతు మరీ పెద్దది" అన్నాడు. జరిగాను. ఇంకా జరగమన్నాడు. చివరికి తలుపుకు ఆనుకుని, డోలు వాయించే ఆయన పక్కన తేలాను. నా జాగాలో మా తోటికోడలు మైకుకు చాడీలు చెబుతున్నట్టు కూర్చుంది. గొంతు లేనిదానికి మైకు, ఉన్నదానికి తలుపా!

ఆ పాట రేడియోలో వచ్చేనాడు వినడానికి మా అమ్మ కూడా వచ్చింది. పెట్టెలోంచి వచ్చిందంతా తోటికోడలి గొంతే. నేనెక్కడో పొరుగింట్లో పాడుతున్నట్టుంది. పాట అయిపోగానే అమ్మ కండ్లు తుడుచుకుని, తోటికోడలి ముందే నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత తియ్యగున్నది బిడ్డా! ఇన్నేండ్లకు జర మెల్లగ పాడుడు నేర్చినవు."