చివరి సీనుకు ముందే లేచే అత్త

మా మేనత్త పోయింది. పోయిన వారం ఎమ్మిగనూరు నుంచి తమ్ముడు ఫోను చేసి, "అక్కా, అత్త పాయ. రాట్నం ముందర కూసున్నట్లే పక్కకు వాలిపాయ. తొందరగా రా," అన్నాడు. ఆదోనిలో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని మీరు అనుకోవచ్చు. చెబుతాను.

మా వాళ్లలో పోయినవాళ్లను కూర్చోబెట్టి పూడుస్తారు. నుదుట విభూతి పెట్టి ఆమెను గుంతలోకి దించుతుంటే మా వీధి ఆమె ఒకతి, "ఆయమ్మ మాదిరే భూమిలేకి పాయ. ఎవురికీ తల వంచలేదు," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవునవునని కళ్లొత్తుకున్నారు. నేను పళ్లు బిగించి నిల్చున్నాను. వాళ్లు ఏడుస్తున్న మనిషి వేరు, నాకు తెలిసిన మనిషి వేరు.

'ఆయమ్మ' ఎవరో ముందు చెప్పాలి. అత్త పురాణాల్లోని మనుషుల్ని ఎప్పుడూ పేరుపెట్టి పిలిచేది కాదు. "పేరు సెప్తే దండం పెట్టి ఊరుకుంటారు. పేరు తీసేస్తే మన ఇంట్లో మనిషే," అనేది. మొగుడు అనుమానించి అడవికి పంపితే చివరికి భూమిలోకి వెళ్లిపోయిన ఇల్లాలు ఆమెకు 'ఆయమ్మ'. అడిగినవాడికి ఒంటిమీది కవచం కోసిచ్చినవాడు 'ఇచ్చినోడు'. శత్రువు ఊరికి నిప్పుపెట్టి వచ్చిన బంటు 'కాల్చినోడు'. మా ఇంట్లో పిల్లలకు పురాణమంతా ఈ పేర్లతోనే వచ్చు.

నాన్న మగ్గం నేసేవాడు. మగ్గానికి కావలసిన నూలును అత్త రాట్నం మీద కండెలకు చుట్టేది. ఆ పనిలో చేతులకే పని, నోటికి లేదు. వీధి ఆడవాళ్లు తమ రాట్నాలు మోసుకొచ్చి మా వసారాలో కూర్చునేవాళ్లు, అత్త చూసొచ్చిన సినిమా వినడానికి. వాళ్లను ఇంట్లోవాళ్లు సినిమాకు పంపేవాళ్లు కాదు. అత్తను ఆపేవాళ్లెవరూ లేరు.

సినిమా మొదలైన కాసేపటికే ఆమెకు కథ దొరికిపోయేది. ఓసారి నన్ను వెంట తీసుకెళ్లింది. తెరమీద రౌడీ దగ్గర పనిచేసే ఒక మంచివాడు వచ్చాడు. అనాథ, ఎవరో ఆటో నడిపేవాళ్లు పెంచారు. ఆకలిగా ఉన్నప్పుడు రౌడీ అన్నం పెట్టాడని వాడికోసం ప్రాణమిస్తానంటాడు. అత్త గట్టిగానే, "వీడు ఇచ్చినోడు మే. హీరోకు అన్న అయితాడు. తల్లి వచ్చి అడుగుతాది సూడు. సచ్చేటప్పుడు వీని బండి కదలదు," అంది. తల్లి వచ్చింది, అడిగింది. క్లైమాక్సులో వాడి జీపు బురదలో దిగబడింది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, నీకు దండం పెడతా, అంతా ముందే సెప్పేస్తివి గదా," అని మొత్తుకున్నాడు.

"నన్నేమంటావప్పా, వాళ్లు పాత కథకు ప్యాంటు తొడిగినారు," అంది అత్త.

పాత కథ అని ఆమెకు చులకన లేదు. తెలిసిన కథ కొత్త ఊళ్లో ఎట్లా నడుస్తుందో చూడటమే ఆమెకు సరదా. ఒక్క ఆయమ్మ కథ దగ్గరే సినిమావాళ్లను ఒప్పుకునేది కాదు. ఆ కథ సినిమాల్లో ఎన్నిసార్లు వచ్చిందో మీకూ తెలుసు. మొగుడు అనుమానిస్తాడు, పెళ్లాం పుట్టింటికి వస్తుంది, చివర్లో అతను నిజం తెలుసుకుని పరుగెత్తుకొస్తాడు, ఆమె చేయందిస్తుంది, అందరూ ఫోటోకు నిలబడ్డట్టు నిలబడతారు. ఆ సీను రాకముందే అత్త కొంగు దులుపుకుని, "లెయ్ మే, ఐపాయ," అని లేచేది. ఇంటికొచ్చి వసారాలో చెప్పేటప్పుడు ముగింపు ఆమెదే. "వాడొచ్చినాడు. ఏడ్సినాడు. 'అడగాల్సిన దినం అడగకపోతివి, ఇంగ నేను రాను,' అని ఆయమ్మ తలుపేసుకునె." రాట్నాలన్నీ కాసేపు ఆగేవి.

అది సినిమా కథ కాదని, అత్త సొంత కథ అని అందరం నమ్మేవాళ్లం. పెళ్లైన కొత్తలో ఆలూరులో ఆమె ఒక్కతే మ్యాట్నీకి వెళ్లొచ్చింది. ఎవడితో పోయినావని మామ నిలదీశాడు. ఆమె పుట్టింటికి వచ్చేసింది, అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అత్త సినిమాలు మానలేదు, ఒక్కతే వెళ్లడమూ మానలేదు. తలెత్తుకుని బతకడమంటే ఏమిటో నేను ఆమెను చూసే నేర్చుకున్నాను.

అందుకే నా మొగుడు నా ఫోను లాక్కుని, బడిలో తోటి మాస్టారుతో ఏం మాట్లాడానో ఒక్కొక్క మాటా ఆరా తీయడం మొదలుపెట్టినప్పుడు, నేను సంచి సర్దుకుని వచ్చి అమ్మకంటే ముందు అత్త దగ్గర కూర్చున్నాను. ఆమె చేయి ఆపకుండా అంతా విన్నది.

"వాడు ఫోను చేసినాడా?" అని అడిగింది.

"చేసినాడు. రమ్మంటాండాడు."

"పో పాపా. పిలిసినప్పుడే పోవల్ల."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "నువ్వేనా అత్తా ఈ మాట అంటాండేది? మరి ఇన్నేండ్లు మాకు సెప్పిందేంది?"

"అది కథ మే," అంది, నా వైపు చూడకుండా.

ఆమె మాట మీదే వెనక్కి వెళ్లాను. అక్కడ పడింది ఇక్కడ రాయను. చివరికి నా అంతట నేనే బయటికొచ్చి, ఆదోనిలో ఒక బడిలో ఉద్యోగం చూసుకుని, గది తీసుకున్నాను. అత్తతో మాటలు మానేశాను. మొగుడు అనుమానిస్తే కోపం వచ్చింది. అత్త పొమ్మంటే కాళ్లకింద నేల పోయింది. ఆ రెండూ ఒకటి కాదు.

పోయిన వేసవిలో ఆమె చెప్పాపెట్టకుండా ఆదోని వచ్చింది. డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది. ఏమీ జరగనట్టు, "సినిమాకు పోదాం రా మే," అంది. కాదనలేక వెళ్లాను. ఆడుతున్నది ఆయమ్మ కథే, అడవి బదులు అపార్ట్‌మెంటు. చివర్లో అతను వానలో తడుస్తూ వచ్చాడు. అత్త లేస్తుందని నేను కాళ్లు పక్కకు జరుపుకున్నాను. లేవలేదు. పేర్లు పడేదాకా కూర్చుంది. లైట్లు వేశాక చూస్తే ఆమె మొహమంతా తడిసి ఉంది.

"ఏందత్తా ఇది?" అన్నాను బయటికొచ్చాక.

"నాకెప్పుడూ ఆ సీనే ఇష్టం మే. ఏడుస్తే ఎవురన్నా సూస్తారని లేసి వచ్చేదాన్ని. మీ మామ వస్తాడని సానా దినాలు సూసినా. వచ్చింటే పోయిండేదాన్ని."

"మరి తలుపేసుకునె అని సెప్తివి?"

"వాడు తలుపు కాడికే రాలేదు, యాడ ఏసేది? నిన్ను వాడు పిలిసినాడు. నన్నెవురు పిలిసినారు? అందుకే పో అంటి."

ఆ మాటకు నేను జాలిపడి ఉండాల్సింది. పడలేదు. మోసపోయాననిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. నా మొగుడి ఇంట్లోంచి బయటికొచ్చిన రోజు నేను ధైర్యం కోసం తలుచుకున్నది ఆమె వేసిన ఆ తలుపునే. అది ఎక్కడా లేదట. లేనిదాన్ని నమ్ముకుని నేను నిజంగా బయటపడ్డాను. అందుకు ఆమెకు దండం పెట్టాలి. పెడుతున్నాను కూడా, కానీ కోపం పోలేదు.

ఆమెను బస్టాండుకు తీసుకొచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కించాను. నేను ఆమెను చూడటం అదే ఆఖరు. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. పక్క సీట్లో ఒక చిన్న వయసు ఆమె, ఒళ్లో పిల్ల, కాళ్ల దగ్గర బట్టలు కుక్కిన సంచి. బాగా ఏడ్చిన కళ్లు. అత్త ఆమెను ఏదో అడిగింది, ఆమె తల దించుకుని ఏదో చెప్పింది. అత్త ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"ఇప్పుడే ఒక సినిమా సూసొస్తాండా పాపా," అని కిటికీ కింద నిలబడ్డ నాకూ వినబడేంత గట్టిగా మొదలుపెట్టింది. డ్రైవరు వచ్చి బస్సు తీసేసరికి కథ చివరికి వచ్చింది. "వాడు వానలో వచ్చినాడు. ఏడ్సినాడు. ఆయమ్మ ఏమనె తెల్సునా? ఇంగ నేను రాను అనె."

బస్సు కదిలింది. ఆ అమ్మాయి పిల్లను గుండెకు హత్తుకుని, అత్త మొహంలోకే చూస్తూ, ప్రతి మాటా నమ్ముతోంది.