పచ్చజెండా ఎత్తిన మధ్యాహ్నం

చికాగో దగ్గర ఒక ఐరిష్ క్లబ్బుకి చరిత్రలో తొలి కప్పు నా చేతుల మీదుగా వచ్చింది. రెండు నిమిషాలుండి, నా నోటి మీదుగానే పోయింది. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి.

ఆట పేరు హర్లింగ్. చెక్క బ్యాట్లతో చిన్న తెల్ల బంతిని కొడతారు. అది గోల్ అడ్డకర్ర కిందనుంచి వెళ్తే మూడు పాయింట్లు, పచ్చజెండా. పైనుంచి వెళ్తే ఒక్కటే పాయింటు, తెల్లజెండా. ఆఫీసులో నా పక్క సీటు బ్రెండన్ ఆ క్లబ్బు కెప్టెన్. ఆ ఏడు ఒక్క మ్యాచ్ ఓడకుండా మొదటిసారి ఫైనల్‌కి వచ్చారు. అంపైర్ ఒకాయన రాలేదని రెండు జెండాలూ ఇచ్చి నన్ను గోల్ పక్కన నిలబెట్టాడు.

"జెండా ఎత్తితే చాలు. నిద్రపోకు," అన్నాడు.

నిద్రపోలేదండీ, అదే చిక్కు. సెప్టెంబరు ఎండ, కోసిన గడ్డి వాసన, తీరిగ్గా సాగే మబ్బులు. కళ్లు తెరుచుకునే ఎక్కడికో వెళ్లిపోయాను.

చివరి నిమిషానికి మావాళ్లు రెండు పాయింట్లు వెనకబడ్డారు. బ్రెండన్ కొట్టిన బంతి పైకి లేచి, పగటి చందమామలా ఆకాశంలో కాసేపు ఆగినట్టే అనిపించింది. ఎంత బాగుందో!

"ఏమండీ," వెనకనుంచి మా ఆవిడ సునీత పిలిచింది. "బంతి వెళ్లిపోయింది."

"చూశాను."

"మరి జెండా?"

చేతికందింది ఎత్తాను. పచ్చది.

విజిల్ మోగింది. జనం మైదానంలోకి పరిగెత్తారు. బ్రెండన్ మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఒక్క చేత్తో ఇంతమందిని సంతోషపెట్టానని నేను మురిసిపోతున్నాను.

"అది కర్ర పైనుంచి కదండీ వెళ్లింది?" అంది సునీత నెమ్మదిగా.

ఇంతలో రెఫరీ వచ్చాడు. గోల్ అవతలి పక్కనున్న రెండో అంపైర్‌కి కళ్లలో ఎండ పడి ఏమీ కనబడలేదట.

"గోలేనా?" అని నన్నడిగాడు.

బ్రెండన్ తలెత్తి చూశాడు. వీసా ఇంటర్వ్యూలో కూడా నన్నెవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

"పాయింటే. పొరపాటున ఎత్తాను," అన్నాను.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

బ్రెండన్ నా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పాల్సిందా?" అన్నాను.

గడ్డిపరక ఒకటి పీకి పారేశాడు. "వద్దులే. కానీ ఒక వారం నాతో మాట్లాడకు."

అవతలి కెప్టెన్ మాత్రం నన్ను గట్టిగా కౌగిలించుకుని, "వచ్చే ఏడు కూడా నువ్వే రావాలి," అన్నాడు.

పార్కింగ్ లాట్‌లో సునీత ఎదుట చెయ్యి చాపి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ రంగు జెండా ముట్టను, పనివేళల్లో మబ్బుల వంక చూడను, ఇకనుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని బతుకుతాను.

"సరే, ముందు కారెక్కండి," అంది.

గంభీరంగా ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. ఆ కారు మాది కాదు.